గడియారం లేని గెల

అరటి వ్యాపారంలో తెలుసుకోవలసిన సంగతి ఒక్కటే. గెల చెట్టు నుంచి తెగిన క్షణం నుంచి అది మన మాట వినదు. ఎండకి ఒక తొందర, ఉక్కకి ఒక తొందర. దాని తొందర దానిది. పచ్చిగా ఉంటే సరుకు, దోరగా తిరిగితే బేరం, పండిపోతే దానం. మా నాన్న నేర్పిన లెక్క ఇంతే. ఈ లెక్కతోనే కొత్తరేవు అరటి యార్డులో నేను ఇల్లు కట్టాను, ఇద్దరు పిల్లల్ని చదివించాను, కొందరితో మంచివాడిననీ కొందరితో గట్టివాడిననీ అనిపించుకున్నాను. రెండూ ఒకరి చేతే అనిపించుకోవడం వ్యాపారికి సాధ్యం కాదు.

ఆ యార్డు నడిచే తీరు చాలా మోటుగా ఉండేది. గోదావరి లంకల నుంచి పడవల మీదా సైకిళ్ళ మీదా గెలలు దిగేవి. వేలం వేసే తాతబ్బాయి ఒక్కో రాశి మీద చెయ్యి వేసి పాట పెట్టేవాడు. మేం వేళ్ళు చూపించేవాళ్ళం. కాటా అయ్యేది, లారీ ఎక్కేది. ఎక్కడైనా ఆలస్యమైతే వెనకవాడు ముందువాడిని తిట్టేవాడు. తిట్టు కంటే వేగంగా పనిచేసే యంత్రాన్ని నేను ఇంతవరకు చూడలేదు.

అలాంటి చోటికి విశ్వంభరంగారు కార్యదర్శిగా వచ్చారు. ఆయన రాజధానిలో ఏదో సదస్సుకి వెళ్ళి, ఒక శాలువా, ఒక జ్ఞాపిక, ఒక నిపుణుడితో తిరిగొచ్చారు. నిపుణుడి పేరు డాక్టర్ సుధన్వ. కుర్రవాడే. కళ్ళజోడు, భుజాన సంచీ, ఎవరినైనా సరే 'అండి' అనే మంచితనం. మమ్మల్నందరినీ మీటింగుకి పిలిచి జీడిపప్పు ఉప్మా పెట్టించారు. ప్రభుత్వం ఉప్మాలో జీడిపప్పు వేసిందంటే ఏదో రాబోతోందని వ్యాపారి గ్రహించాలి. నేను గ్రహించాను. గ్రహించి రెండోసారి పెట్టించుకున్నాను.

సుధన్వ తెర మీద గుండ్రాలూ బాణాలూ చూపించాడు.

"గేటు ఇక్కడుంది. కాటా హైవే పక్కనుంది. లారీల బుకింగు కాలవ అవతలుంది. అన్నిటినీ కలిపే సర్వరు రాజధానిలో ఉంది. వీటిని వికేంద్రీకృత వనరులు అంటామండి. ఇవి ఒకదానికొకటి నెట్టులో సేవలు అందించుకుంటాయి. ప్రతి సేవకీ ఒక గడువు, ప్రతి గడువుకీ ఒక గడియారం. ఈ గుండ్రం ఒక స్థితి. ఈ బాణం ఎక్కాలంటే గడియారం ఒప్పుకోవాలి."

"దీన్ని కాలబద్ధ సేవా నమూనా అంటారు," అని విశ్వంభరంగారు అందుకున్నారు. "ఇకపై మన యార్డులో ఏ కార్యకలాపమైనా ముందుగా గణితపరంగా నిరూపితమై, తదుపరి మాత్రమే జరుగును."

తాతబ్బాయి చెయ్యెత్తాడు. "మరండీ, అన్నిటికీ గడియారం పెట్టారు. గెలకి ఏదండీ?"

సుధన్వ ముఖం వెలిగింది. మంచి ప్రశ్న కోసం ఎదురుచూస్తున్నట్టున్నాడు.

"గెలకి గడియారం పెడితే స్థితులు పేలిపోతాయండి. పచ్చి, దోర, పండు అని ఒక గెలకి మూడు స్థితులు. రెండు గెలలకి తొమ్మిది. పది గెలలకే అరవై వేలకి దగ్గర. ఒక లారీ లోడు లెక్కగట్టాలంటే భూమ్మీదున్న కంప్యూటర్లు చాలవు. అందుకని గెలని మారని వస్తువుగా తీసుకున్నాం."

"మారని వస్తువంటున్నారండీ అవతారంగారూ," అని తాతబ్బాయి నా చెవిలో అన్నాడు. "అయితే మనం ఇన్నాళ్ళూ సిమెంటు అమ్ముతున్నామన్నమాట."

నేను ఊరుకోమన్నాను. తిన్న ఉప్మాకి చప్పట్లు కొట్టేస్తే సరిపోతుంది. ప్రశ్నలు వేస్తే ఇంకో మీటింగు పెడతారు. అందరం చప్పట్లు కొట్టాం. మర్నాడు కార్యదర్శిగారి గదిలో గోడకి ఒక ధ్రువపత్రం వేలాడింది. 'ఈ యార్డులోకి ప్రవేశించిన ప్రతి సరుకూ మూడో రోజు సూర్యాస్తమయంలోగా నిష్క్రమించి తీరును. ఇది నిరూపితం.' చుట్టూ బంగారు రంగు పటం, కింద మూడు సంతకాలు.

శ్రావణం ఇంకో నాలుగైదు రోజుల్లో పడుతుందనగా గోదావరి పొంగడం మొదలెట్టింది. మా నూకరాజుది దిగువలంక. సొంత భూమి లేదు, కౌలు. ఆ ఏడాది అతనికున్న ఆస్తల్లా ఆ ఒక్క కర్పూర అరటి తోట. నీళ్ళు తోటలోకి వస్తే గెలలు చెట్టుతో సహా పోతాయి. అందుకని ఇంకా ముదరాల్సిన గెలలు కూడా నరికేసి, పెళ్ళాం, తమ్ముడు, తను రెండు రాత్రులు పడవల మీద ఈ ఒడ్డుకి చేరవేశారు. మొత్తం ఒక లారీ లోడు. పాటలో నేనే పాడుకున్నాను. బరంపురం శెట్టికి పచ్చిగెల పంపుతానని మాట కూడా ఇచ్చేశాను.

"ఎల్లిపోద్దంటారా అండీ?" అన్నాడు నూకరాజు. అతని లుంగీకి ఇంకా లంక బురద ఉంది. పాత పద్ధతి ప్రకారం సరుకు గేటు దాటాకే రైతుకి సొమ్ము. ఆ పద్ధతిని మాత్రం నమూనా మార్చలేదు.

"గోడ మీద రాసుందయ్యా, వెళ్ళి తీరుతుందని," అన్నాను.

కాటా చీటీ వచ్చింది. దాని ఆయుష్షు అరగంట. లారీ కోసం అర్జీ పెట్టాం. అర్జీ రాజధాని వెళ్ళి రావడానికి ముప్పావుగంట పట్టింది. లారీ ఖాయమయ్యేసరికి చీటీ చచ్చిపోయింది. చీటీని మళ్ళీ బతికించడానికి అర్జీ పెట్టాం. అది వచ్చేసరికి లారీ గడువు తీరి, ఇంకొకడి పేరుకి వెళ్ళిపోయింది. గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న గుమాస్తాకి రెండూ ఒకేసారి బతికుండగా చూపించాలి. రోజల్లా తిరిగాం. ఒకటి కళ్ళు తెరిస్తే రెండోది కళ్ళు మూసేది. అలాంటి భార్యాభర్తల్ని నేను చూశాను గాని కాగితాల్ని చూడటం అదే మొదలు.

సాయంత్రం సుధన్వ దగ్గరికి వెళ్ళాను. పాపం, ఓపిగ్గా విన్నాడు.

"నమూనాలో కబురు చేరడానికి పట్టే సమయం సున్నా అండి," అన్నాడు.

"ఇక్కడ ముప్పావుగంట పడుతోంది బాబూ."

"అది నమూనా సమస్య కాదండి. కొత్తరేవు సమస్య."

"చీటీ ఆయుష్షు ఒక పూటకి పెంచెయ్యకూడదూ?"

అతను నొచ్చుకున్నాడు. "ఒక్క అంకె మారిస్తే నిరూపణ మొదట్నించీ చెయ్యాలండి. నాకు ఆరు నెలలు పట్టింది."

అరటి గెలకి ఆరు నెలలు లేవని చెబుదామనుకున్నాను. కానీ అతని లెక్కలో గెల మారని వస్తువు. మారని వస్తువుకి ఎన్ని నెలలైనా ఉంటాయి.

మర్నాడు ఇంకో ముడి పడింది. సరుకు యజమాని యార్డులో ఉన్నాడో లేడో సర్వరుకి తెలియాలట. అందుకని ప్రతి పావుగంటకీ ఫోనులో 'ఉన్నాను' అనే మీట నొక్కాలి. నొక్కకపోతే లేడని అర్థం. ఆ పూట యార్డంతా మీటలు నొక్కే పనిలోనే ఉంది. పాట పెడుతూ తాతబ్బాయి మధ్యలో ఆగి నొక్కేవాడు. మూటలు మోసేవాళ్ళు మూట దించి నొక్కేవాళ్ళు. గేటు పక్క టీ కొట్టువాడు పది ఫోన్లు బల్ల మీద పరుచుకుని, పది మంది తరఫున తానే ఉంటున్నాడు. టీకన్నా అందులోనే మిగులు కనిపిస్తోందన్నాడు.

నూకరాజు రెండు రాత్రులు నిద్రలేనివాడు. గెలల రాశికి వీపు ఆనించి కళ్ళు మూశాడు. లేచేసరికి అతను లేడు.

ఇద్దరం కార్యదర్శిగారి గదికి వెళ్ళాం. విశ్వంభరంగారు తెర చూసి తల అడ్డంగా ఊపారు.

"నూకరాజు అనే రైతు యార్డులో లేడు."

"నేనేనండీ బాబూ నూకరాజుని," అన్నాడు నూకరాజు.

"కావచ్చు. కానీ రికార్డు ప్రకారం మీ ఉనికి నిన్నటి ఉనికిగా పరిగణించబడుతున్నది."

"కళ్ళెదుట నిలబడ్డానండీ. నాతోనే మాట్లాడుతున్నారు కదండీ."

"ఇది అనధికారిక సంభాషణ," అన్నారు విశ్వంభరంగారు. కసురుకోలేదు. లేని మనిషిని కసురుకోవడం ఆయన స్వభావం కాదు.

"మరి నేను మళ్ళీ ఉండాలంటే ఏం చెయ్యాలండీ?"

"ఉనికి పునరుద్ధరణకు దరఖాస్తు చేసుకోవాలి. యజమాని స్వయంగా హాజరై చేసుకోవాలి. ప్రస్తుతం యజమాని లేడు కనుక..." అని ఆయన చేతులు చాపారు. ఆ చేతుల మధ్య ఉన్న ఖాళీలో నూకరాజు తోటంతా పట్టేలా ఉంది.

బయటికొచ్చి నూకరాజు నాతో పాటు గెలల రాశి దగ్గరికి నడిచాడు. తర్వాత, "ఇంటికాడ మా ఆడదానికి ఏం చెప్పనండీ? తోట నీళ్ళలో పోయిందంటే నమ్ముద్ది. ఒడ్డుకి తెచ్చాక పోయిందంటే నన్ను నమ్మదు," అన్నాడు.

వంగి గెలల కింద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. అడుగున ఒక గెల నడుం దగ్గర పసుపు తిరుగుతోంది. ఒక గెల తిరిగిందంటే పక్క గెలకి కబురు అందినట్టే. అది దాని పక్కదానికి చెబుతుంది. సర్వరు లేకుండా, చీటీ లేకుండా కబురు పంపుకునేవి ఆ యార్డులో గెలలే. ఇంకో రెండు రోజులైతే గెలకున్న పళ్ళ అత్తాలు కాడ నుంచి ఊడి రాలతాయి. ఆపైన అది నాకు సరుకూ కాదు, నూకరాజుకి తోటా కాదు.

బరంపురం శెట్టికి ఫోను చేసి పచ్చిగెల ఆశ వదులుకోమన్నాను. నాలుగు మాటలన్నాడు, పడ్డాను. తర్వాత కూర్చుని నా లెక్క వేసుకున్నాను. దోరకి కూడా బేరం ఉంది. శ్రావణ శుక్రవారం దగ్గరికొస్తోంది. నోములకీ వాయనాలకీ రాజమండ్రిలో పండే కావాలి. అంటే సరుకు బాగానే ఉంది, కొనేవాళ్ళున్నారు, దారి బాగుంది. అడ్డుగా ఉన్నది ఒక్క గేటు. కొనేటప్పుడు అవతలివాడికి ఏం కావాలో కనుక్కోమన్నాడు మా నాన్న. గేటుకి ఏం కావాలో రెండు రోజులు కనుక్కున్నాను. కార్యదర్శిగారికి ఏం కావాలో కనుక్కోనేలేదు.

టీ కొట్టు దగ్గర నిలబడితే అది తెలిసిపోయింది. నూకరాజు సరుకుకి మూడు రోజులు నిండిన మర్నాడు ఉదయం కమిషనరుగారు తనిఖీకి వస్తున్నారు. ధ్రువపత్రం నిజమో కాదో చూసి, నిజమైతే రాష్ట్రమంతా ఈ నమూనానే పెడతారట. విశ్వంభరంగారికి ప్రమోషనూ, సుధన్వకి పెద్ద ఉద్యోగమూ దాని మీదే ఉన్నాయి.

మూడో రోజు పొద్దుగూకే దాకా ఆగాను. ఆ రోజు ఆగడం కంటే కష్టమైన పని నా వ్యాపారంలో ఎప్పుడూ చెయ్యలేదు. గెలలు ఆగలేదు. సూర్యుడు కాలవ గట్టు వెనక్కి దిగాక విశ్వంభరంగారినీ సుధన్వనీ ప్లాట్‌ఫారం దగ్గరికి తీసుకొచ్చాను. నూకరాజు కూడా ఉన్నాడు, అనధికారికంగా.

"సార్, చిన్న సందేహం," అన్నాను. "గోడ మీద రాసింది నిజమేనాండీ?"

"నిరూపితం," అన్నాడు సుధన్వ.

"నూకరాజు సరుకు వచ్చి మూడో రోజు. పొద్దుగూకింది. అయితే అది వెళ్ళినట్టా, వెళ్ళనట్టా?"

విశ్వంభరంగారు రాశి వంక చూశారు, తర్వాత గోడ ఉన్న వైపు చూశారు.

"వెళ్ళలేదంటే నిరూపణ తప్పవుతుందండి," అన్నాడు సుధన్వ మెల్లగా.

"తప్పు కాకూడదు," అన్నారు విశ్వంభరంగారు. "మూడు సంతకాలున్నాయి."

"కాబట్టి వెళ్ళింది," అన్నాను.

"తర్కబద్ధంగా చూస్తే, వెళ్ళి ఉండాలండి."

"మరి ఇదేంటండీ?" అన్నాడు నూకరాజు తన గెలల్ని చూపిస్తూ.

మధ్యాహ్నం నుంచీ తిండి లేదేమో, సుధన్వ ఆలోచిస్తూనే చెయ్యి చాపి అడుగు గెల నుంచి పండిన కాయ ఒకటి తుంచి ఒలిచాడు. కర్పూరం వాసన గుప్పున వచ్చింది. రెండు కొరుకుల్లో అయిపోయింది. ఇంకోటి తుంచాడు.

"బాగుందాండీ?" అన్నాడు నూకరాజు.

"చాలా బాగుందండి."

"ఏది బాగుందండీ?"

సుధన్వ నమలడం ఆపాడు. తర్వాత నిజాయితీగా ఆలోచించి చెప్పాడు. "నమూనాలో పచ్చిగెల ఒక్కటే ఉంది. అది నిష్క్రమించింది. ఇది పసుపుగా ఉంది. పసుపు వస్తువు ప్రవేశించినట్టు ఎక్కడా నమోదు కాలేదు. కాబట్టి ఇది నమూనా వెలుపలి పదార్థం. మా భాషలో అనిర్దిష్ట శేషం అంటామండి."

"ఆఫీసు భాషలో?" అన్నారు విశ్వంభరంగారు ఆత్రంగా.

"ఆఫీసు భాషలో... చెత్త అనొచ్చేమోనండి."

విశ్వంభరంగారి ఛాతీలోంచి పెద్ద ఊపిరి బయటికొచ్చింది. చెత్తకి ఆయన దగ్గర నిబంధన ఉంది. చెత్త వెనక గేటు గుండా పంచాయతీ ట్రాక్టరులో పోతుంది. వెనక గేటుకి గుండ్రం లేదు, బాణం లేదు, చీటీ లేదు. ఒక ముసలి కాపలాదారూ ఒక కర్రా ఉన్నాయి.

"అయితే ఉదయంలోగా ఈ చెత్త తొలగింపబడవలెను," అన్నారు. "కమిషనరుగారి కంట పడరాదు. కానీ ఇంత చెత్త ఎవరు మోస్తారు?"

"ఊరి కోసం ఆ మాత్రం చెయ్యలేనా అండీ?" అన్నాను. "ట్రాక్టర్లు నేను మాట్లాడతాను. కాకపోతే తీసుకెళ్ళమని చిన్న కాగితం ఇప్పించండి. రేపు ఎవరైనా నా మీద చెత్త దొంగతనం మోపితే కష్టం."

విశ్వంభరంగారు అక్కడే సంతకం పెట్టారు. పైగా నా సేవాభావాన్ని మెచ్చుకున్నారు. వ్యాపారుల్లో ఇలాంటి పౌరస్పృహ అరుదన్నారు. నేను తల వంచుకున్నాను. మెచ్చుకోలు ఊరికే వస్తుంటే వద్దనకూడదు.

మూడు ట్రాక్టర్లు వెనక గేటు దాటాయి. కాలవ గట్టు మీద నేను సొంతంగా మాట్లాడుకున్న లారీ ఆగి ఉంది. నూకరాజూ తమ్ముడూ గెలల్ని ఒక్కొక్కటీ పసిపిల్లల్ని అందించినట్టు అందించారు. పంచాయతీ డ్రైవరు అది చూసి, "ఇంత జాగ్రత్తగా చెత్త పోసేవాళ్ళని నేను చూళ్ళేదండీ," అన్నాడు.

"మా లంకలో అంతేనండీ," అన్నాడు నూకరాజు.

సరుకు గేటు దాటింది. ఏ గేటన్నది పాత పద్ధతిలో లేదు. గట్టు మీదే సొమ్ము అతని చేతిలో పెట్టాను. అతను లెక్కపెట్టుకోకుండా లుంగీ మడతలో దోపుకుని అలాగే నిలబడ్డాడు.

"ఏమయ్యా, తక్కువైందా?"

"కాదండీ. ఇది ఎవరికిచ్చినట్టు రాసుకుంటారని. నేను లేను కదండీ."

"లేనివాడికి చెత్త సొమ్ము ఇచ్చాను. అడిగే నాథుడు లేడు. ఇంటికెళ్ళి పడుకో."

అతను నవ్వాడు. మూడు రోజుల్లో అదే మొదటిసారి. దోరగెలకి పచ్చిగెల ధర రాలేదన్న మాట నిజమే గాని, రాజమండ్రి పూజల పుణ్యమా అని ఇద్దరికీ గిట్టుబాటైంది. పిలకలు నాటడానికి అతని దగ్గర మిగిలింది. నీళ్ళు తీసేసరికి లంకలో ఉండి తీరతాడు, ఏ మీటా నొక్కకుండా.

మర్నాడు కమిషనరుగారు వచ్చారు. ప్లాట్‌ఫారం మీద ఈగ కూడా లేదు. పెండింగు సున్నా, ఫిర్యాదులు సున్నా, చెత్త సున్నా. ఇంత శుభ్రమైన యార్డు తాను చూడలేదన్నారు. ధ్రువపత్రం పక్కన ఇంకో పటం కట్టించమన్నారు. సుధన్వకి శాలువా కప్పారు. అతను వెళ్ళేముందు నా దగ్గరికొచ్చి, "అవతారంగారూ, నిన్నటి సంగతి... నిరూపణలో ఎక్కడో ఒక మెలిక ఉందనిపిస్తోందండి," అన్నాడు.

"ఉండనివ్వండి బాబూ. దారి దాంట్లోనే దొరికింది," అన్నాను. ప్రయాణంలో తినమని ఒక అత్తం అరటిపళ్ళు చేతిలో పెట్టాను. ఏమిటని అడగలేదు. తెలివైన కుర్రాడు, నేర్చుకుంటున్నాడు.

అప్పటి నుంచి ముందు గేటు దగ్గర నమూనా చాలా చక్కగా నడుస్తోంది. అటు సరుకు రాదు గనక ఎక్కడా ఆలస్యం లేదు. గుమాస్తా కుర్చీలో కూర్చుని పావుగంటకొకసారి 'ఉన్నాను' నొక్కుతాడు. వెనక గేటు దగ్గర తెల్లవారుజాము నుంచే ట్రాక్టర్లు బారులు తీరతాయి. అక్కడే తాతబ్బాయి పాట పెడతాడు. వెనకవాడు ముందువాడిని తిడతాడు. చెత్త తొలగింపులో మా యార్డు జిల్లాలోకెల్లా ముందుందని నివేదికలో రాశారట.

రెండో శ్రావణ శుక్రవారం ముందురోజు నేను వెనక గేటు దగ్గర లోడు ఎక్కిస్తుంటే విశ్వంభరంగారు గొడుగు వేసుకుని ఒంటరిగా వచ్చారు. అటూ ఇటూ చూశారు. గొంతు తగ్గించారు.

"అవతారంగారూ, రేపు మా ఇంట్లో వ్రతం. మా ఆవిడ పేరంటానికి ఊరందరినీ పిలిచింది. అందుచేత..."

"చెప్పండి సార్."

"కొంచెం మంచి చెత్త చూసి రెండు గెలలు పంపించండి. కర్పూరమైతే మరీ మంచిది."